విహారనౌకలందు వాంతుల వ్యాధి: సబ్బు, నీరు నేర్పు పాఠము

సముద్రముపై సాగిపోవు పెద్ద విహారనౌక ఒక చిన్న పట్టణము వంటిది. అందు మూడు నాలుగు వేలమంది ప్రయాణికులు, వేయిమందికి మించిన సిబ్బంది నివసింతురు. పడకగదులు, భోజనశాలలు, ఈతకొలనులు, నాటకశాలలు, వైద్యశాల, అన్నియు ఒక్కచోటనే అమరియుండును. నేల అద్దమువలె మెరయుచుండును. బల్లలపై తెల్లని గుడ్డలు పరచబడి యుండును. ఇట్టి చోట రోగమునకు తావెక్కడిదని చూచువారు తలంతురు. కాని ఇట్టి నౌకలలోనే ఒక్కొక్కప్పుడు కొలది దినములలో వందలకొలది జనులు వాంతులతోను, విరేచనములతోను మంచము పట్టుచున్నారు.

2014వ సంవత్సరము జనవరి నెలలో అమెరికాలోని న్యూజెర్సీ రేవునుండి ఒక విహారనౌక 10 దినముల ప్రయాణమునకై కరేబియను సముద్రమునకు బయలుదేరెను. అందు ప్రయాణికులు 3,000 మందికి పైబడి యుండిరి. వారిలో 600 మందికి పైగా, సిబ్బందిలో 50 మందికి పైగా వ్యాధికి లోనైరి. నౌక 2 దినములు ముందుగనే తిరిగి రేవు చేరవలసి వచ్చెను. వ్యాధికి కారణము నోరోవైరసు అని పరీక్షలలో తేలెను.

కంటికి శుభ్రముగ కనబడుట వేరు, నిజముగ శుభ్రముగ నుండుట వేరు. ఈ భేదమును గ్రహించుటయే ఈ వ్యాధి నివారణలో మొదటి మెట్టు.

వ్యాధి ఎట్లు గుర్తింపబడినది?

శీతకాలమున హఠాత్తుగ వాంతులు పుట్టించి, రెండు మూడు దినములలో తగ్గిపోవు వ్యాధి యొకటి కలదని వైద్యులు చాలకాలము క్రిందటనే గమనించిరి. 1929లో అమెరికా వైద్యుడు జాన్ జహార్‌స్కీ దీనిని వర్ణించి, దానికి శీతకాలపు వాంతుల వ్యాధి అని పేరిడెను. కాని దానిని పుట్టించు క్రిమి యేదో అప్పటికి తెలియదు.

1968లో ఒహాయో రాష్ట్రమందలి నార్వాక్ పట్టణములో ఒక ప్రాథమిక పాఠశాలయందు విద్యార్థులు, ఉపాధ్యాయులు ఇంచుమించు సగముమంది ఒక్కసారిగ జబ్బుపడిరి. వారినుండి ఇండ్లలోని వారికిని వ్యాధి సోకెను. ఆనాడు సేకరించిన మలమును భద్రపరచి పరిశోధించిరి. 1972లో ఆల్బర్ట్ కపికియన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో అందలి వైరసును కనుగొనెను. పట్టణము పేరునుబట్టి దానికి నార్వాక్ వైరసు అను పేరు వచ్చెను. అట్టి వైరసులన్నిటికిని కలిపి 2002లో నోరోవైరసు అను నామము స్థిరపడినది.

వైరసు స్వభావము

ఈ వైరసు మిక్కిలి సూక్ష్మమైనది. ఒక మిల్లీమీటరు పొడవున వీటిని వరుసగా పేర్చినచో 25,000కు తక్కువ కాకుండ పట్టును. రోగి మలములోను, వాంతిలోను ఇవి కోట్లకొలది వెలువడును. ఆరోగ్యవంతునికి రోగము కలిగించుటకు మాత్రము వందలోపు వైరసులే చాలును. ఒక్కొక్కరికి ఇరువది లోపు కూడ చాలవచ్చును. చేతి వ్రేలికి అంటి, కంటికి కానరాని మురికి ఎందరికో రోగము తెప్పింపగలదని దీనివలన తేటపడును.

శరీరములో ప్రవేశించిన పిదప 12 గంటలు మొదలు 48 గంటలలోపుగ వ్యాధి బయటపడును. కడుపులో త్రిప్పుట, వాంతులు, నీళ్ల విరేచనములు, కడుపునొప్పి, కొందరికి కొలది జ్వరము, ఒంటినొప్పులు కలుగును. సాధారణముగ ఒకటి మొదలు మూడు దినములలో రోగి కోలుకొనును. కాని బాధ తగ్గిన తరువాత కూడ రెండు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, మలముతో వైరసు వెలువడుచునే యుండును. తనకు నయమైనదని తలచి చేతులు కడుగుకొనుట మానిన వ్యక్తి ఇతరులకు రోగమును పంచిపెట్టుచుండుట ఈ కారణముచేతనే.

ఈ వైరసు మొండిది. బల్లలమీద, తలుపు పిడులమీద అది దినములకొలది, ఒక్కొక్కప్పుడు వారములకొలది నిలిచియుండును. గడ్డకట్టు చలికి చావదు. 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని సైతము కొంతవరకు తట్టుకొనును. కావున పైపైన వెచ్చజేసిన ఆహారము, సగము ఉడికిన ఆల్చిప్పలు మొదలగునవి క్షేమకరములు కావు. పెక్కు వైరసులపై క్రొవ్వుతో కూడిన పలుచని పొర యుండును. ఆల్కహాలు ఆ పొరను కరగించి వైరసును నశింపజేయును. నోరోవైరసుకు ఆ పొర లేదు. అందువలన ఆల్కహాలుతో చేసిన శానిటైజరు దీనిపై అంతగా పనిచేయదు. ఈ సంగతి చాలమందికి తెలియదు. గోడకు తగిలించిన సీసానుండి రెండు చుక్కలు చేతికి రాచుకొని, శుభ్రపడితిమని భోజనమునకు కూర్చుండువారు తమకు తెలియకయే మోసపోవుచున్నారు.

ఓడలలో ఇంత త్వరగ వ్యాపించుటకు కారణములు

మొదటి కారణము జనుల సమీపవాసము. వేలమంది కొలది చోటులో వారముల తరబడి కలిసియుందురు. మెట్ల ప్రక్క కమ్మీ, లిఫ్టు మీట, తలుపు పిడి, భోజనశాలలో వడ్డించుకొను గరిటె, ఇవన్నియు దినమునకు వందలాది చేతులు తాకు వస్తువులు. రోగి మరుగుదొడ్డినుండి వచ్చి, సరిగ చేతులు కడుగక గరిటె పట్టుకొనెను. వానివెనుక నిలిచినవాడు అదే గరిటె పట్టుకొని, అదే చేతితో రొట్టె తినెను. ఇంతే చాలును. చేయి మొదటి వాహనము, నోరు చివరి రేవు.

రెండవ కారణము వాంతి. రోగి బహిరంగ ప్రదేశమున వాంతి చేసికొనినప్పుడు సూక్ష్మమైన తుంపరలు గాలిలోనికి లేచి చుట్టుప్రక్కల వస్తువులపై పడును. కొన్ని సమీపముననున్నవారి నోటిలోనికి పోవును. తివాచీమీద, కుర్చీగుడ్డమీద పడినవి కంటికి కనబడవు.

మూడవ కారణము జనుల రాకపోకలు. ఒక ప్రయాణము ముగిసిన దినముననే వేలమంది దిగిపోవుదురు, వేలమంది క్రొత్తవారు ఎక్కుదురు. దిగినవారు విడిచిన వైరసు ఓడలోనే యుండును. 2002వ సంవత్సరమున ఒక నౌకలో వరుసగా పలు ప్రయాణములందు వ్యాధి పుట్టుచు వచ్చెను. ప్రయాణికులు మారుచున్నను వ్యాధి మారలేదు. తుదకు ఆ నౌకను 10 దినములు సేవనుండి తొలగించి ఆమూలాగ్రము శుద్ధిచేయవలసి వచ్చెను. ఆ సంవత్సరము జనవరి 1 మొదలు డిసెంబరు 2 వరకు అమెరికా ఆరోగ్యశాఖకు 17 నౌకలనుండి 21 పర్యాయములు ఇట్టి వ్యాధులు పుట్టిన వార్తలు అందెను. అందు 9 సందర్భములలో నోరోవైరసు కారణమని ప్రయోగశాలలు నిర్ధారణ చేసెను.

నౌకలకే పరిమితమైన వ్యాధి కాదు

పై వృత్తాంతములు చదివి నౌకాప్రయాణమే ప్రమాదకరమని భావింపరాదు. అమెరికా రేవులకు వచ్చు విహారనౌకలలో 2008 మొదలు 2014 వరకు 7 కోట్ల 35 లక్షలకు పైబడిన ప్రయాణములు జరుగగా, వాంతులు, విరేచనముల వ్యాధికి లోనైనవారు 1 లక్ష 30 వేలకు లోపే. అనగా వేయిమందిలో ఇద్దరికన్న తక్కువ. అమెరికాలో నమోదగుచున్న నోరోవైరసు ఉపద్రవములలో నౌకలకు సంబంధించినవి నూటికి ఒకటి మాత్రమే. తక్కిన తొంబదితొమ్మిదియు వృద్ధాశ్రమములు, ఆసుపత్రులు, పాఠశాలలు, భోజనశాలలు మొదలగు నేలమీది తావులలోనే పుట్టుచున్నవి. ఓడలో అందరును ఒక్కచోటనుందురు, ప్రతి రోగిని లెక్కింపవలెనను నియమము కలదు. అందుచే అక్కడి వార్త వెంటనే లోకమునకు తెలియును. ఊరిలోని విందునుండి ఇండ్లకు చెదరిపోయిన అతిథుల జబ్బును లెక్కించువారెవరు?

ప్రపంచమున ఏటేట సుమారు 68 కోట్ల 50 లక్షలమందికి ఈ వ్యాధి సోకుచున్నదని అంచనా. వారిలో 20 కోట్లమంది అయిదేండ్ల లోపు శిశువులు. సుమారు 2 లక్షలమంది మరణించుచున్నారు. అందు 50,000 మంది పిల్లలు. ఈ మరణములు అధికముగ వెనుకబడిన దేశములలో సంభవించుచున్నవి. మన దేశములో కేరళ రాష్ట్రమందు వయనాడు జిల్లాలో 2021లో ఒక కళాశాల విద్యార్థులకు ఈ వ్యాధి సోకినట్లు నిర్ధారణయైనది. కావున విహారనౌక చూపిన పాఠము వసతిగృహమునకు, పెండ్లి పందిటికి, తీర్థయాత్రలకు, అన్నసత్రమునకు సమానముగ వర్తించును.

నౌకలందు జరుగు కట్టుదిట్టములు

అమెరికాలో 1970వ దశకమునందే నౌకల పారిశుధ్య పరిశీలనకై ఒక ప్రత్యేక కార్యక్రమము ఏర్పడినది. 13 మంది, అంతకు మించిన ప్రయాణికులతో విదేశములనుండి అమెరికా రేవులకు వచ్చు విహారనౌకలు దీని పరిధిలోనికి వచ్చును. తనిఖీదారులు ముందుగ తెలుపకయే ఓడనెక్కుదురు. త్రాగునీటి తొట్లు, వంటశాలలు, ఆహారపు నిలువలు, ఈతకొలనులు, సిబ్బంది చేతులు కడుగుకొను తావులు పరీక్షించి నూటికి ఇన్ని గుణములని నిర్ణయింతురు. 85, అంతకు తక్కువ వచ్చినచో నౌక తప్పినట్లే. ఈ ఫలితములు ప్రజలకు తెలియజేయబడును.

ఓడ రేవు చేరుటకు పూర్వమే అందలి రోగుల సంఖ్యను కప్తాను తెలుపవలెను. ప్రయాణికులలో గాని సిబ్బందిలో గాని నూటికి ఇద్దరు జబ్బుపడినచో ప్రత్యేకముగ నివేదింపవలెను. వంటశాలలో పనిచేయువాడు జబ్బుపడినచో, లక్షణములు పూర్తిగ తగ్గిన తరువాత 48 గంటలు గడచువరకు వానిని పనిలోనికి రానీయరు. వ్యాధి ప్రబలిన ఓడలో వడ్డించుకొను గరిటెలను ప్రయాణికులు తాకకుండ సిబ్బందియే వడ్డింతురు, కమ్మీలను, పిడులను మాటిమాటికి క్లోరిను ద్రవముతోగాని, తగిన ఇతర క్రిమిసంహారకముతోగాని తుడుతురు.

మన దేశమునందు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ క్రింద ముఖ్యమైన రేవులందు రేవు ఆరోగ్య సంస్థలు పనిచేయుచున్నవి. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలనుబట్టి నౌకలు పారిశుధ్య ధ్రువపత్రము కలిగియుండవలెను. అది 6 నెలలు చెల్లును. తెలుగువారికి ఈ సంగతులు దూరపువి కావు. 2022 జూన్ నెలలో విశాఖపట్నమునుండి పుదుచ్చేరి, చెన్నై నగరములకు విహారనౌక నడచెను. 2023లో విశాఖ రేవునందు విహారనౌకలకై ప్రత్యేక కట్టడము ప్రారంభింపబడినది.

దాచిన రోగము పదిమందికి చేటు

ఎన్ని నియమములున్నను ఒక్క మానవ స్వభావము వానిని వమ్ముచేయగలదు. అది రోగమును దాచుట. ప్రయాణికుడు ఎన్నో నెలలు కూడబెట్టిన ధనముతో ఓడనెక్కును. బయలుదేరు దినమున వాంతియైనను, చెప్పినచో ప్రయాణము ఆపుదురేమో అను భయముచేత ఆరోగ్యపత్రములో లేదని వ్రాయును. ఓడలో జబ్బుపడినవాడు గదిలో ఒంటరిగ ఉంచుదురని వైద్యుని చెంతకు పోడు. వంటవాడు కూలి పోవునని కడుపునొప్పిని ఓర్చుకొని కూరలు తరుగును. వీరిలో ఎవ్వరును దుర్మార్గులు కారు. కాని ఆ వంటవాని చేతిమీదుగ వచ్చిన పళ్లెము ముందు కూర్చుండువారిలో ఎనుబదేండ్ల వృద్ధురాలుండవచ్చును, ఏడాది నిండని శిశువుండవచ్చును. బలవంతునికి రెండు దినముల బాధ కలిగించు రోగము వారికి ప్రాణాపాయము కావచ్చును.

కావున వెంటనే తెలుపుట నేరమును ఒప్పుకొనుట కాదు, తోడివారిని కాపాడుట. అట్లే యజమానులకును ఒక బాధ్యత కలదు. జబ్బుపడిన వంటవానికి కూలి కోసినచో వాడు రోగమును దాచక తప్పదు. సెలవు దినములకు కూలి ఇచ్చుట దానము కాదు. అది తినువారందరికిని రక్ష. ఓడకైనను, వసతిగృహమునకైనను, పెండ్లి వంటలకైనను ఇదే నీతి.

చేతులు కడుగు విధము

చేతులను ముందుగ పారు నీటిలో తడుపవలెను. సబ్బు రాచి అరచేతులు, చేతుల వెనుకభాగము, వ్రేళ్ల సందులు, బొటనవ్రేళ్లు, గోళ్ల మొదళ్లు 20 క్షణములకు తక్కువ కాకుండ రుద్దవలెను. పిదప ధారాళముగ నీరు పోసి కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడుచుకొనవలెను. ఒకే గిన్నెలోని నీటిలో పలువురు చేతులు ముంచుట కడుగుట కాదు, మురికిని పంచుకొనుట. సబ్బు వైరసును చంపదు. చర్మమునుండి దానిని విడదీయును, నీరు దానిని కొట్టుకొనిపోవును. కుళాయి లేనిచోట ఒకరు చెంబుతో పోయగా మరియొకరు కడుగుకొనవచ్చును.

వాంతి పడిన చోటును శుద్ధిచేయుట

పిల్లలను దూరముగ పంపి, కిటికీలు తెరచి, చేతులకు తొడుగులు ధరించి, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. వాంతిని పాతగుడ్డతోగాని కాగితముతోగాని మెల్లగ తీసి సంచిలో మూటకట్టి పారవేయవలెను. పొడి చీపురుతో ఊడ్వరాదు. పిదప ఆ స్థలమును సబ్బునీటితో కడిగి, బ్లీచింగు ద్రవముతో తడిపి కొన్ని నిమిషములు విడువవలెను. క్రొత్త బ్లీచింగు పొడి 15 గ్రాములు ఒక లీటరు నీటిలో కలిపి, తేర్చి, పైతేటను వాడవలెను. దీనిని ఏనాటికానాడు చేసికొనవలెను. మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో దీనిని ఎన్నడును కలుపరాదు. విషవాయువు పుట్టును. మురికియైన బట్టలను విదిలింపక వేరుగ వేడినీటిలో సబ్బుతో ఉతికి బాగుగ ఎండలో ఆరవేయవలెను.

రోగికి చేయవలసిన ఉపచారము

ఈ వైరసును చంపు మందు లేదు. బాక్టీరియాలపై పనిచేయు యాంటీబయాటిక్ మందులు దీనికి నిరుపయోగములు. సాధారణ వాడుకకు ఆమోదింపబడిన టీకాయు ఇంతవరకు లేదు. అయినను భయపడనక్కర లేదు. రోగిని బలహీనపరచునది శరీరమునుండి పోవు నీరు, లవణములు. వానిని తిరిగి నింపినచో తక్కిన పనిని శరీరమే చేసికొనును.

ఈ సత్యమును లోకమునకు చాటినవారిలో భారతీయ వైద్యుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ముఖ్యుడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగినప్పుడు నరములలోనికి ఎక్కించు సెలైను చాలకపోయెను. ఆయన గ్లూకోజు, ఉప్పు, తినుసోడా కలిపిన నీటిని రోగులచేత త్రాగించెను. నూటికి 30 వరకు నున్న మరణములు నూటికి 4 లోపునకు తగ్గెను. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ మార్గముననే వచ్చినది.

ఒక పొట్లమును దానిపై చెప్పినంత నీటిలో, సాధారణముగ ఒక లీటరులో, కలుపవలెను. కాచి చల్లార్చిన నీరు శ్రేష్ఠము. కలిపినదానిని 24 గంటలలోపుగ త్రాగి, మిగిలినది పారబోయవలెను. వాంతియైనచో పది నిమిషములాగి చెంచాతో కొంచెము కొంచెముగ పట్టవలెను. తల్లిపాలు మానిపింపరాదు. గంజి, మజ్జిగ, మెత్తని అన్నము పెట్టవచ్చును. విరేచనములగు పిల్లలకు వైద్యుని సలహాతో 14 దినములు జింకు మాత్రలు ఈయవలెను.

నోరు ఎండుట, మూత్రము తగ్గుట, కన్నులు లోతునకు పోవుట, బిడ్డ కన్నీరు లేక ఏడ్చుట, మత్తుగ పడియుండుట, త్రాగలేకపోవుట, మలములో నెత్తురు కనబడుట, ఇవి అపాయ చిహ్నములు. ఇందేది కనబడినను ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గుర్తుంచుకొనవలసిన నియమములు

1. మరుగుదొడ్డికి పోయివచ్చిన పిదప, వంటకు, భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. శానిటైజరు సబ్బునకు బదులు కాదు.

2. వాంతులు, విరేచనములు కలిగినచో ప్రయాణము వాయిదా వేసికొనవలెను. ఓడలోనున్నచో వెంటనే వైద్యునికి తెలుపవలెను.

3. జబ్బు తగ్గిన తరువాత 2 దినములు గడచువరకు ఇతరులకు వండరాదు, వడ్డింపరాదు. రెండు వారములు చేతుల శుభ్రత విషయమున మరింత శ్రద్ధ వహింపవలెను.

4. కూరగాయలు, పండ్లు బాగుగ కడిగియు, చేపలు, ఆల్చిప్పలు పూర్తిగ ఉడికించియు తినవలెను.

5. రోగి వాడిన తువాలు, గ్లాసు ఇతరులు వాడరాదు.

6. ప్రతి ఇంట రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములు సిద్ధముగ నుంచుకొనవలెను.

వేలమందిని మోయు ఓడను రేవుకు మరల్పగలిగిన వ్యాధి ఒక సబ్బుబిళ్లకు లొంగును. ఒక్కొక్కరు తమ చేతులను శుభ్రముగ నుంచుకొనినచో ఓడయైనను, ఊరైనను క్షేమముగ నుండును.